గువ్వ పాడిన జోల

పెద్దపులి మడుగు దగ్గరికి వచ్చింది. ఒక్క దుప్పి కూడా బెదరలేదు.

గుడారంలో తెర ముందు కూర్చున్న సుచరిత ముందుకి వంగి చూస్తోంది. నల్లమల అడవి లోపల, ఎర్రమడుగు అనే నీటిగుంట పైన, కొమ్మల ఎత్తులో ఆమె తయారుచేసిన డ్రోను నిలబడి ఉంది. దాని పేరు గువ్వ. బూడిదరంగు రెక్కలు, పిడికెడంత కెమెరా, పక్కన కూర్చున్నా వినపడని మోటార్లు. ఆ మోటార్ల నోరు నొక్కడానికే సుచరితకి నాలుగేళ్ళు పట్టింది.

ఎడమ చెవి చివర చీలిన ఆ పులి గడ్డిలోంచి బయటికి వచ్చి, నక్కి నడవాలన్న ధ్యాసే లేకుండా, సంతకి వచ్చిన ఆసామిలా తాపీగా నడిచింది. ఒక దుప్పి దాని వైపు చూసింది. చూసి మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టింది. పై కొమ్మల మీద కొండముచ్చులు చిగుళ్ళు తుంచుకు తింటున్నాయి. పులి ఆ దుప్పి మెడ పట్టుకున్నాక కూడా మిగతావి నాలుగడుగులు పక్కకి జరిగి ఊరుకున్నాయి.

"వచ్చేసింది! మొత్తం వచ్చేసింది!" సుచరిత కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "ఒరే భార్గవా, ఇంత దగ్గర్నుంచి ఇలాంటి షాట్ ఎవడి దగ్గరా లేదురా!"

ఆమె తమ్ముడు భార్గవ్ కదల్లేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గువ్వ మైకులోంచి వస్తున్న శబ్దాలు వింటున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి చెవులే లోకం. మైకు భుజాన వేసుకుని అడవుల్లో తిరిగి శబ్దాలు పట్టుకు రావడం వాడి వృత్తి.

"ఎవరూ అరవలేదక్కా" అన్నాడు.

"అరవకూడదనే కదరా ఇంత అవస్థ పడ్డది!"

అది నిజమే. మామూలు డ్రోను వెళ్తే జంతువులు బెదిరి పారిపోతాయి, సినిమా నిండా వాటి తోకలే మిగులుతాయి. అందుకే సుచరిత ఇంకో దారి పట్టింది. ఏ ఆపదా లేనప్పుడు అడవికి ఒక శబ్దం ఉంటుంది. పిట్టల కిచకిచలు, దుప్పుల నెమరు, కొండముచ్చుల గురగురలు అన్నీ కలిసిన సన్నని రొద. అది వినిపిస్తున్నంతసేపూ ప్రతి జీవీ నిశ్చింతగా ఉంటుంది. భార్గవ్ ఏళ్ళ తరబడి పట్టుకొచ్చిన ఆ రొదని సుచరిత వడగట్టి, దాని సారం తీసి గువ్వ గొంతులో పెట్టింది. ఇద్దరూ దానికి జోల అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడైనా ఒక జంతువు భయంతో అరిచిందంటే గువ్వ ఆ అరుపుని గుర్తుపట్టి జోల కాస్త పెంచుతుంది. రెండో అరుపు గొంతులోనే ఆగిపోతుంది.

అరుపులు గుర్తుపట్టడం నేర్పడానికి భార్గవ్ రికార్డు చేసిన భయపు కేకలన్నీ గువ్వలోకి ఎక్కించారు. వాటిల్లో అన్నిటికన్నా పాతది వాడు కాలేజీలో ఉండగా ఇదే అడవిలో రికార్డు చేసింది. కొండముచ్చులు ఖొక్ ఖొక్‌మని అరుస్తుంటే, చివర్లో సుచరిత గుసగుస వినిపిస్తుంది: "భార్గవా, వెళ్ళిపోదాం రా, భయమేస్తోంది." ఆ ముక్క తీసెయ్యరా అని ఆమె వందసార్లు బతిమాలింది.

"తియ్యను. నేను పట్టుకున్న మొదటి భయం నీదే" అని వాడు వందసార్లూ నవ్వాడు. ఆ ఫైలు పేరే మొదటి భయం.

ప్రతిసారీ గువ్వ దిగగానే ఎన్ని భయపు కేకలు వినపడ్డాయో చూసుకునేవాళ్ళు. ఎన్ని తక్కువైతే అంత గొప్ప. ఆ రోజు ఒక్కటీ లేదు. సుచరిత అమ్మ పంపిన సున్నుండల డబ్బా మూత తీసింది. భార్గవ్ ఒకటి తీసుకుని, కొరక్కుండా చేతిలోనే పెట్టుకు కూర్చున్నాడు.

*

ఆ వారంలోనే గురవయ్యని పులి కొట్టింది.

గురవయ్య దగ్గర్లోని చెంచుల గూడెంలో ఉంటాడు, దాన్ని పెంట అంటారు. కొండ అంచున తాడు కట్టుకుని దిగి తేనె తీస్తాడు. చిన్నపిల్లల్లా కొట్టుకునే ఈ అక్కాతమ్ముళ్ళకి అడవిలో దారులు చూపించింది అతనే. మార్కాపురం ఆసుపత్రిలో మంచం మీద, కుడిచెయ్యి మొత్తం కట్లతో, నీరసంగా పడుకుని ఉన్నాడు.

"చెట్టు కింద కూసోని చుట్ట కాల్చుకుంటన్నా తల్లీ" అన్నాడు సుచరితతో. "నెత్తి మీద కొండముచ్చులుండయ్. పులొస్తే అయ్యే అరుస్తయ్ గదా అని ధీమాగా ఉన్నా. ఎప్పుడూ అంతే గదా. ఈసారి ఒక్కటన్నా అరవలా. కిందకి సూసుకుంటా ఆకులు తింటన్నయ్, అంతే."

"చెయ్యి ఎలా ఉంటుందన్నారు?" అని అడిగింది సుచరిత.

"భుజం పైకి లేవదంట. ఇంక తాడు పట్టేదేముంది."

అతని మొహం చూడలేక సుచరిత వసారాలోకి వచ్చేసింది. వెనకే వచ్చిన తమ్ముడి మొహం చూడగానే వాడేమనబోతున్నాడో ఆమెకి తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే ముందుగా ఒంటికాలి మీద లేచింది.

"ఆ రోజు గువ్వ అటువైపు వెళ్ళనేలేదు. నా మీదకి తోయకు."

"వెళ్ళలేదు. అదే నా భయం" అన్నాడు భార్గవ్. "జోల లేకపోయినా అవి అరవలేదు. ఎండాకాలమంతా విన్నాయక్కా. పులొచ్చినా ఏమీ కాదులే అనుకోవడం నేర్చుకున్నాయి. ఈ మధ్య పుట్టిన పిల్లలకి అరుపంటేనే తెలీదు."

"ఒక్క ప్రమాదం పట్టుకుని నాలుగేళ్ళ కష్టం పాతిపెట్టమంటావా? సోమవారం సంతకాలురా! జంతువుల సినిమాలు తీసే కంపెనీవాళ్ళు పెద్ద అడవులన్నిటికీ గువ్వలు కావాలంటున్నారు."

"అందుకే అంటున్నా. అన్ని అడవుల్లోనూ గురవయ్యలు ఉంటారు."

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. కోపం మాత్రమే అయితే బాగుండేది. లోపల ఎక్కడో, వీడన్నది నిజమైతే ఎలా అన్న అనుమానం కూడా పుట్టింది.

భార్గవే ఒక ఒప్పందం చెప్పాడు. "ఒక్క ఉదయం నాకు వదిలెయ్. నేను వాగు దగ్గర కొండముచ్చుల కింద కూర్చుంటా. పెంటవాళ్ళకి అలవాటు పడ్డా, బయటి మనిషి కనపడితే అవి అరిచి తీరాలి. అరిస్తే నేను తప్పు, నువ్వు సంతకం చెయ్. అరవకపోతే చెయ్యకు. కానీ గువ్వ మాత్రం నేల మీదే ఉండాలి."

"ముట్టుకోను" అంది సుచరిత. "ఒట్టు."

ఆ రాత్రి ఇద్దరూ అమ్మ దగ్గరే భోంచేశారు. భార్గవ్ గోంగూర పచ్చడి కలుపుకుంటూ సంగతి చెప్పేసరికి, వడ్డిస్తున్న శకుంతలమ్మ చెయ్యి ఆగిపోయింది. వాడు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక కూతురి పక్కన కూర్చుంది.

"వాడు వింటూ కూర్చుంటే ఒళ్ళు తెలీదే. పక్కన పిడుగు పడినా ఎంత బాగా పడిందో అంటాడు. నువ్వు కనిపెట్టుకుని ఉండు."

"ఉంటానమ్మా."

"వాణ్ణి చూస్తూనే ఉండాలి. మాటివ్వు."

సుచరిత ఇచ్చింది. ఒకే రోజున ఇద్దరికి రెండు మాటలిచ్చింది. రెండూ కలిసి నిలబడవని అప్పుడు ఆమెకి తట్టలేదు.

*

తెల్లవారాక భార్గవ్ గుడారం దగ్గర జీపు దిగి, పొడుగాటి మైకుకర్ర భుజాన వేసుకుని వాగు వైపు నడిచి వెళ్ళాడు. రికార్డింగుకి కూర్చునే ముందు వాకీటాకీ కట్టేయడం వాడి పద్ధతి. అందులోని గరగర వాడికి గిట్టదు. చెట్టుకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, పని అయ్యేదాకా రాయిలా ఉంటాడు.

"మొదలెడుతున్నా. కట్టేస్తున్నా" అన్నదే వాడి చివరి మాట.

సుచరిత గుడారంలో కూర్చుంది. టీ పెట్టుకుంది, తాగలేదు. గురవయ్య కట్లు కళ్ళ ముందు మెదిలాయి. అమ్మకిచ్చిన మాట చెవిలో జోరీగలా తిరిగింది. పక్కనే బల్ల మీద గువ్వ రెక్కలు ముడుచుకుని ఉంది. పైకి పంపితే వాడు కనిపిస్తాడు. ఒక్కసారి చూసి వెనక్కి రప్పిస్తే ఎవరికి తెలుస్తుంది?

చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి.

జోల వెయ్యాలా వద్దా అన్నచోట మాత్రం ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. వెయ్యకపోతే కొండముచ్చులు గువ్వని చూసి బెదిరి అరవచ్చు. అరిస్తే వాడి పరీక్ష పాడవుతుంది. పైగా కళ్ళు తెరిచి పైకి చూస్తాడు, మాట తప్పిందని తెలిసిపోతుంది. పల్చగా, వినీ వినపడనట్టు జోల పెట్టి గువ్వని వదిలింది. తమ్ముడికి దొరక్కూడదన్న ఆ చిన్న తెలివి ఎంత పెద్ద పాపమో అప్పటికి ఆమెకి తెలియదు.

వాగు ఒడ్డున నల్లమద్ది చెట్టు కింద భార్గవ్ కనిపించాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పైన కొండముచ్చులు ఒకదాని తలలో ఒకటి పేలు చూసుకుంటున్నాయి. సుచరితకి ప్రాణం కుదుటపడింది. చల్లారిన టీ ఒక గుక్క తాగి, గువ్వని వెనక్కి తిప్పబోయింది.

ఎండిన వాగులో ఏదో కదిలింది.

పులి. ఎర్రమడుగు దగ్గర చూసిందే, ఎడమ చెవి చివర చీలి ఉంది. ఇసుక మీద దాపరికం లేకుండా నడుచుకుంటూ వస్తోంది. అరిచేవాళ్ళు లేని అడవికి అది కూడా అలవాటు పడిపోయింది. భార్గవ్ వీపు వెనకాల, చెట్టుకి అవతల, ఒడ్డు ఎక్కుతోంది.

సుచరిత వాకీటాకీ అందుకుని "భార్గవా! భార్గవా!" అని అరిచింది. అవతల కట్టేసి ఉంది. జీపులో వెళ్ళేటంత సమయం లేదు.

జోల కట్టేసింది. "అరవండి" అంది తెరతో. "అరవండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, అరవండి."

ముసలి కొండముచ్చు ఒకటి పులిని చూసింది. బాగానే చూసింది. చంక గోక్కుని, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. చెట్టంతా మౌనంగా ఉంది. తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజమని అలా తెలిసింది ఆమెకి.

గువ్వని కిందకి దించి వాడి మొహం ముందు నిలబెట్టింది. వాడు కళ్ళు తెరవలేదు. ఎలా తెరుస్తాడు? పక్కన ఉన్నా వినపడకూడదనే కదా దాన్ని చేసింది! గువ్వకి స్పీకరు ఉంది, కానీ ఇక్కణ్ణుంచి మాట పంపే ఏర్పాటు లేదు. లోపల ఎక్కించిన శబ్దాలే పలుకుతుంది. లోపల ఉన్నవి జోల, భయపు కేకలు.

కేక వినిపిద్దామని వేలు చాపి ఆగిపోయింది. వాడు ఎదురు చూస్తున్నదే ఆ కేక కోసం! కొండముచ్చులు తనని చూసే అరిచాయనుకుని సంబరపడతాడు. కదలకుండా రికార్డు చేసుకుంటూ కూర్చుంటాడు.

పులి ఒడ్డెక్కింది. ఇప్పుడు మాత్రం పొట్ట నేలకి ఆనించింది.

సుచరిత వేళ్ళు ఫైళ్ళన్నీ దాటుకుంటూ అట్టడుక్కి వెళ్ళాయి. మొదటి భయం. నొక్కింది.

ఖొక్. ఖొక్ ఖొక్. గువ్వ గొంతులోంచి పదిహేనేళ్ళ నాటి కొండముచ్చులు అరిచాయి. ఆమె భయపడినట్టే భార్గవ్ మొహం చింకిచాటంత అయింది. కళ్ళు తెరవకుండానే మైకుకర్ర పైకెత్తాడు. పులి ఇంకో అడుగు వేసింది. ఈ రికార్డింగు ఇంత పొడుగని సుచరితకి ఎన్నడూ తెలియదు.

"భార్గవా" అంది గువ్వ, సన్నగా, ఎప్పటిదో అక్క గొంతుతో. "వెళ్ళిపోదాం రా, భయమేస్తోంది."

వాడి నవ్వు మాయమైంది. కళ్ళు తెరిచాడు. గువ్వని చూశాడు. ఒక్క ఉదుటున లేచి వెనక్కి తిరిగాడు.

పులికీ వాడికీ మధ్య ఒక చెట్టు, కాస్త గడ్డి ఉన్నాయి. వాడు పారిపోలేదు. మైకుకర్ర రెండు చేతులా తల మీదికెత్తి, కళ్ళలోకి చూస్తూ వెనకడుగు వేశాడు. పులి వెనక కాళ్ళు ముడుచుకుంది. సుచరిత గువ్వని లేపగలిగినంత పైకి లేపి, శక్తంతా కూడగట్టి పులి మొహం మీదకి వదిలింది. తెర నిండా పచ్చటి కళ్ళు. ఒక గాండ్రింపు. తర్వాత తెర నల్లబడిపోయింది.

ఆమె జీపు ఎలా ఎక్కిందో, ఎలా నడిపిందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. దారిలో పక్కసీటు మీద వాకీటాకీ గరగరమంది.

"అక్కా."

ఆమె బ్రేకు తొక్కి, స్టీరింగు మీద తల పెట్టి బావురుమంది.

భార్గవ్ దారి పక్కన కూర్చుని ఉన్నాడు. గువ్వని పంజాతో కొట్టి, బెదిరిన పులి వాగులోకి దూకి పోయిందట. మైకుకర్ర రెండు ముక్కలైంది. ఒంటి మీద గీత కూడా లేదు, కానీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె దగ్గరికి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"జోల వేసే ఎగరేశావా?"

"అవును."

"ఎప్పుడు?"

"నువ్వు కూర్చున్న కాసేపటికే. నిన్ను చూసుకుందామని... అమ్మ..."

వాడు తిట్టలేదు. తిడితే ఆమెకి ఎంతో హాయిగా ఉండేది.

"చెవుల్లో పడుతూనే ఉంది" అన్నాడు. "ఈ పూట అడవి ఎంత బాగుందో అనుకున్నా. ప్రాణానికి సుఖంగా అనిపించింది. నేను ఏరుకొచ్చిన శబ్దమే అక్కా, నేనే గుర్తుపట్టలేదు. నన్నూ జోకొట్టేసింది."



*

సోమవారం సుచరిత సంతకం పెట్టలేదు. ఆ సంగతి ఫోనులో చెబితే అవతలివాళ్ళు ముందు నవ్వారు, తర్వాత బుజ్జగించారు, చివరికి బెదిరించారు. కంపెనీకి చూపించడానికి చేసి పెట్టుకున్న మిగతా గువ్వలన్నిటి గొంతులూ ఊడదీసి జోలని చెరిపేసింది. నాలుగేళ్ళ బతుకు చెరిగిపోతుంటే ఏడుపు రాలేదని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఏడుపు గురవయ్య ముందు వచ్చింది. పెంటలో గుడిసె ముందు కూర్చున్న అతనికి జరిగిందంతా దాచకుండా చెప్పింది. కొండముచ్చుల నోరు కట్టేసింది తనేనని చెప్పింది. అతను ఎడంచేత్తో చుట్ట చుట్టుకోవడానికి తంటాలు పడుతూ విన్నాడు.

"నా చెయ్యి తిరిగొచ్చిద్దా తల్లీ?"

"రాదు గురవయ్యా."

చుట్ట విడిపోతే అతను మళ్ళీ మొదలుపెట్టాడు.

"మరి వాటి నోరన్నా తిరిగి రానియ్" అన్నాడు చివరికి. "పెంటలో పిల్లోళ్ళు తిరుగుతుంటారు."

ఆ రోజు నుంచి పెంటవాళ్ళెవరూ డప్పు కొట్టుకోకుండా అడవి లోపలికి పోలేదు. వానలు మొదలయ్యాయి. ప్రతి ఉదయం సుచరిత, భార్గవ్, గురవయ్య వాగు దగ్గరికి నడిచి వెళ్ళి, కొండముచ్చుల కింద కనపడేలా నిలబడి, అవి తమ మానాన తాము ఆకులు తింటుంటే తల వంచుకుని తిరిగి వచ్చేవాళ్ళు. తమ్ముడు ఆమెతో అవసరం మేరకే మాట్లాడుతున్నాడు. ఒకరోజు చెట్టు కింద ఒక పిల్ల కొండముచ్చు తోక మాత్రం దొరికింది. చిరుత పని అన్నాడు గురవయ్య. సుచరిత దాన్ని ఆకులో చుట్టి పాతిపెట్టి, ఆ పూట అన్నం ముట్టలేదు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక ఉదయం, ఆమె మిగతా ఇద్దరికన్నా ముందు నడుస్తోంది. నల్లమద్ది కిందికి వచ్చి అలవాటుగా పైకి చూసింది. ముసలిది ఆమెనే చూస్తోంది. తినడం ఆపేసింది. ఒళ్ళో పిల్ల లేదు.

"ఖొ" అంది. తుప్పు పట్టిన తలుపు చప్పుడులా ఉంది. ఆగింది. మళ్ళీ గొంతు సవరించుకున్నట్టు, "ఖొక్."

పక్క కొమ్మ మీది కుర్రది ఉలిక్కిపడి దాని వంక చూసి, అదే చప్పుడు వంకరగా చేసింది. ఇంకోటి అందుకుంది. చెట్టంతా ఊగిపోయేలా గుంపు మొత్తం, కొమ్మలు విరుచుకుంటూ, ఖొక్ ఖొక్ ఖొక్‌మని ఆమెని చూసి అరుస్తూ పరుగు పెట్టింది. దూరంగా ఎక్కడో దుప్పి ఒకటి ఆ వార్త అందుకుని కూసింది.

సుచరిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు, పైకే వచ్చేసింది. తిరిగి చూస్తే భార్గవ్ కొత్త మైకుకర్ర పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. వాడి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"నా ఏడుపు పడిందిరా అందులో" అంది వెక్కుతూ. "తీసెయ్."

"తియ్యను" అన్నాడు భార్గవ్. ఎన్నాళ్ళకో వాడి పెదవి మీద పాత నవ్వు కనిపించింది.

గురవయ్య పైకి లేచే ఎడమచెయ్యి ఎత్తి పైకి చూపించాడు.

"మనల్నే తిడతన్నయ్ తల్లీ. ఇంక పొమ్మంటన్నయ్. పాండి, పోదాం."

ముగ్గురూ వెనుదిరిగారు. పెంట కనిపించేదాకా వెనక అడవి అరుస్తూనే ఉంది.